చల్లని అరలో దొరికే నూడుల్స్ కిట్: కర్నూలు వంటింటి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పాలు, పెరుగు, పన్నీరు ఉంచే చల్లని అరలోనే ఇప్పుడు నూడుల్స్ కిట్లు కూడా అమ్ముతున్నారు. కర్నూలులో ఇవి అన్ని దుకాణాలలోనూ దొరకవు. హైదరాబాదు వెళ్ళివచ్చేవారి చేత తెప్పించుకొనేవారే మా వీధిలో ఎక్కువ. వేర్వేరు తయారీదారుల కిట్లను నేను ఇప్పటికి ఏడుసార్లు కొన్నాను. నాలుగు బాగా కుదిరాయి, రెండు వండకముందే చెడిపోయాయి, ఒకటి బాండలిలో ముద్దయింది. ఆ మూడింటిలో రెండింటికి బాధ్యత నాదే. ఈ సంగతి తెలిసిన బంధువులు, ఇరుగుపొరుగువారు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను, నేను చెప్పిన సమాధానాలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

కిట్‌లో ఏముంటుంది? మామూలు నూడుల్స్ ప్యాకెట్‌కు, దీనికి తేడా ఏమిటి?

సాధారణంగా మూడు పొట్లాలు ఉంటాయి: ముందే ఉడికించి నూనె పట్టించిన నూడుల్స్, కడిగి సన్నగా కోసిన కూరగాయలు, సాస్. కూరగాయలలో క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం తప్పకుండా కనబడతాయి; ఉల్లికాడలు, పెసర మొలకలు, పుట్టగొడుగులు ధరను బట్టి చేరుతుంటాయి. కిరాణా కొట్టులోని ఎండు నూడుల్స్‌లో తేమ బహు తక్కువ గనుక అవి నెలల తరబడి నిలువ ఉంటాయి. ఇవి తడి నూడుల్స్. తడి ఉన్నచోట సూక్ష్మజీవులు బతుకుతాయి కాబట్టి వీటికి చలి తప్పనిసరి, ఆయుష్షు కూడా రోజుల లెక్కలోనే ఉంటుంది. కొన్ని ప్యాకెట్ల మీద కనిపించే ‘హక్కా’ అనే మాట, కోల్‌కతాలో స్థిరపడిన హక్కా చైనీయుల వంట ద్వారా మన దేశంలో వ్యాపించింది.

హైదరాబాదులో కొని కర్నూలుకు తీసుకురావచ్చా?

తీసుకురావచ్చు, కాని సంచిలో వేసుకొని రాకూడదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద దూరం సుమారు 210 కిలోమీటర్లు. కారులో నాలుగు గంటలు పడుతుంది, బస్సులో అంతకంటే ఎక్కువ. ఆహారం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపు అందులోని బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అందువల్ల త్వరగా చెడిపోయే పదార్థాలను చల్లదనం వెలుపల రెండు గంటలకు మించి ఉంచరాదని, వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక గంటకు మించి ఉంచరాదని ఆహారభద్రత నిపుణులు చెబుతారు. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటే మన ఊరికి ఆ ఒక గంట లెక్కే వర్తిస్తుంది.

నా మొదటి కిట్ ఇలాగే పోయింది. కారు డిక్కీలో గుడ్డసంచిలో పెట్టి, జడ్చర్ల దగ్గర టీ కోసం అరగంట ఆగి, ఇంటికి చేరి చూస్తే ప్యాకెట్ చేతికి గోరువెచ్చగా తగిలింది. కూరగాయల పొట్లంలో అడుగున రెండు చెంచాల నీరు నిలిచి ఉంది. కొస కత్తిరించగానే పులిసిన క్యాబేజీ వాసన వచ్చింది. వేడి చేస్తే సరిపోతుందని ఇంట్లో ఒకరు సలహా ఇచ్చారు గాని, నేను పారవేశాను.

ఆ తరువాత నుంచి మందపాటి థర్మోకోల్ పెట్టె వాడుతున్నాను. బయలుదేరే ముందు రాత్రే రెండు నీళ్ళ సీసాలను, పగలకుండా కొంచెం వెలితిగా నింపి, ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తాను. పెట్టెలో కిట్లను అడుగున పెట్టి, వాటి మీద నాలుగు మడతల వార్తాపత్రిక పరచి, ఆపైన సీసాలు ఉంచాలి. చల్లగాలి కిందికి దిగుతుంది గనుక మంచు పైన ఉండడమే మేలు, కాగితం అడ్డుగా ఉండడం వల్ల కూరగాయలకు మంచు నేరుగా తగిలి కమిలిపోవు. పెట్టె మూతను టేపుతో అంటించి, డిక్కీలో కాకుండా ఏసీ గాలి తగిలే వెనుక సీటు కింద ఉంచితే, ఇంటికి వచ్చేసరికి సీసాలలో సగానికి పైగా మంచు మిగిలే ఉంటోంది. కొనుగోళ్ళన్నీ పూర్తయ్యాక, బిల్లు వేయించుకొనే ముందు మాత్రమే చల్లని అర దగ్గరకు వెళ్ళాలి. కర్నూలులోనే కొనేవారికి కూడా ఈ చివరి మాట వర్తిస్తుంది: కిట్ కొన్న తరువాత కూరగాయల మార్కెట్‌కు, అక్కడి నుంచి కొండారెడ్డి బురుజు వైపు మరో పనికి తిరిగితే, ఇంటి ఫ్రిజ్ ఎంత మంచిదైనా ఫలితం ఉండదు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఏమేమి చూడాలి?

మొదట గడువు తేదీ చూడాలి. ‘ఈ తేదీలోగా వాడండి’ అని ఉంటే ఆ తేదీ తరువాత తినకూడదని అర్థం; ‘ఈ తేదీ వరకు ఉత్తమం’ అనేది నాణ్యతకు సంబంధించిన మాట. చల్లని కిట్ల విషయంలో నేను మాత్రం ఈ రెండింటికీ తేడా పాటించను. గడువు కనీసం మూడు రోజులు మిగిలి ఉన్నదే తీసుకుంటాను.

ఆ తరువాత ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహారభద్రతను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) గుర్తు, దాని పక్కన 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. కూరగాయల పొట్లాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకోవాలి. క్యాబేజీ అంచులు గోధుమరంగుకు తిరిగినా, లోపల నీరు చేరినా తిరిగి అరలో పెట్టేయడం మంచిది.

ప్యాకెట్ ఉబ్బి ఉండడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆహారం నిలువ ఉండడానికి కొందరు తయారీదారులు గాలికి బదులు నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులను నింపుతారు. అలాంటి ప్యాకెట్లన్నీ ఒకే తీరుగా కొంచెం ఉబ్బుగా ఉంటాయి. కాని అరలోని పది ప్యాకెట్లలో ఒకటి మాత్రమే తక్కినవాటి కంటే బిగుతుగా ఉబ్బి ఉంటే, అది లోపల సూక్ష్మజీవులు విడుదల చేసిన వాయువు కావచ్చు. కనుక ఒక్క ప్యాకెట్‌ను చూసి తేల్చకుండా, పక్కవాటితో పోల్చి చూడాలి. నా రెండవ నష్టం ఇలాంటిదే: అరలో మిగిలిన ఒకే ఒక్క ప్యాకెట్‌ను, పోల్చడానికి మరొకటి లేక, కొని తెచ్చాను. ఆ దుకాణంలో రాత్రిపూట కూలర్ ఆపివేస్తారని తరువాత తెలిసింది.

ఇంట్లో ఎక్కడ ఉంచాలి? ఫ్రీజర్‌లో పెడితే ఎక్కువ రోజులు ఉంటుంది కదా?

ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 5 డిగ్రీలు మించకుండా ఉండాలి. తలుపు అరలు పదేపదే వెలుపలి గాలి తగిలి వెచ్చబడతాయి కాబట్టి అక్కడ పెట్టకూడదు. లోపలి గోడకు దగ్గరగా, కాని గోడకు ఆనకుండా, మధ్య అరలో ఉంచాలి. ఫ్రీజర్ పనికిరాదు. కూరగాయలలోని నీరు మంచుగా మారి కణాల గోడలను చీల్చివేస్తుంది, కరిగినప్పుడు ఆ నీరంతా బయటకు వచ్చి క్యాబేజీ చాపలా వాలిపోతుంది. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలపాటు చల్లదనాన్ని నిలుపుకొంటుంది. ఆ వేళ ‘ఎలా ఉందో చూద్దాం’ అని తెరిచేవారి వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది.

నూడుల్స్ ఇటుకలా గట్టిపడి ఉన్నాయి. పాడైనట్లా?

కాదు. ఉడికిన పిండిపదార్థం చల్లబడినప్పుడు అందులోని స్టార్చి మళ్ళీ బిగుసుకొంటుంది. రాత్రి వండిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెడితే ఉదయానికి మెతుకు గట్టిపడడం కూడా ఇదే. వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. చేత్తో బలవంతంగా విడదీస్తే మాత్రం ముక్కలవుతాయి. పొట్లం విప్పి, వేడినీళ్ళలో పదిహేను లేక ఇరవై సెకన్లు ముంచి తీసి, జల్లెడలో పూర్తిగా ఓడ్చాలి. బంకగానో, చేతికి జిగురుగానో తగిలినా, పుల్లని వాసన వచ్చినా అప్పుడు పాడైనట్లు.

అంత పసుపు రంగు ఎందుకు? రంగు కలుపుతారా?

కొందరు కలుపుతారు, అలా కలిపితే పదార్థాల జాబితాలో రాయాలి. అయితే రంగు కలపకుండానే పసుపుగా ఉండే నూడుల్స్ కూడా ఉన్నాయి. పిండిలో సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ వంటి క్షార లవణాలు కొద్దిగా కలుపుతారు; జాబితాలో ఇవి 500, 501 సంఖ్యలతో కనబడతాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్లే, గోధుమపిండిలో సహజంగా ఉండే వర్ణద్రవ్యాలు క్షారం తగలగానే పసుపు రంగుకు తిరుగుతాయి. నూడుల్స్‌కు సాగే గుణం, చిన్న సబ్బు వాసన కూడా ఆ లవణాల వల్లనే వస్తాయి. వేడినీళ్ళలో ముంచి తీస్తే ఆ వాసన పోతుంది.

కవరు మీద రాసినట్లే చేశాను, అయినా ముద్దయింది. ఎందుకు?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది, నాకు సమాధానం తెలియడానికి ఎక్కువ కాలం పట్టిన ప్రశ్న కూడా ఇదే. కవరు మీద ‘పెద్ద మంట మీద ఐదు నిమిషాలు వేయించండి’ అని రాస్తారు. ఆ వాక్యం రాసిన వంటగదిలోని మంట, మన ఇంటి గ్యాస్ పొయ్యి మంట ఒకటి కావు. సాయంత్రం రాజ్‌విహార్ వైపు నూడుల్స్ బండి దగ్గర నిలబడితే ఈ తేడా కళ్ళకు కనబడుతుంది: పొయ్యి ఉరుముతూ ఉంటుంది, మంట బాండలి అంచుల వరకు ఎగబాకుతుంది, కూరగాయలు పడిన క్షణంలోనే వాటి నీరు ఆవిరవుతుంది.

తేమ ఉన్నంతసేపు కూరగాయ ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. వేపుడుకు రంగు, కమ్మదనం ఇచ్చే చర్యలు సుమారు 140 డిగ్రీల దగ్గర గాని ఊపందుకోవు. ఇంటి పొయ్యి మీద ఇద్దరికి సరిపడే కిట్ మొత్తాన్ని ఒకేసారి వేస్తే, బాండలి చప్పున చల్లబడి, కూరగాయలు నీరు వదిలి, ఆ నీటిలోనే ఉడకడం మొదలుపెడతాయి. ఆపైన నూడుల్స్ వేస్తే ఆ నీటిని పీల్చుకొని ఉబ్బి, కలియబెట్టినకొద్దీ తెగిపోయి, ముద్దవుతాయి. అంటే అది వేపుడు కాలేదు, ఉడుకు అయింది.

ఉగ్గాని చేయడం వచ్చినవారికి ఈ విద్య కొత్తది కాదు. బొరుగులను నీళ్ళలో వేసి, తీసి, గట్టిగా పిండి, తాలింపు పూర్తిగా సిద్ధమైన తరువాతనే వేస్తాము. పిండడంలో అలసత్వం చూపితే అది ఉగ్గాని కాదు, సంగటి. ఇక్కడ కూడా చేయవలసింది నీటిని అదుపులో పెట్టడమే.

నేను ఇప్పుడు అనుసరించే పద్ధతి ఇది. కూరగాయలను పొట్లంలో నుంచి తీసి పాతగుడ్డ మీద పరచి, తడి అద్ది, పది నిమిషాలు ఆరనిస్తాను. ఇనుప బాండలిని నూనె లేకుండానే రెండు నిమిషాలు కాచి, నీటిచుక్క వేస్తే గిర్రున తిరిగి ఎగిరిపోయే వేడి వచ్చాక, రెండు చెంచాల వేరుశనగ నూనె పోస్తాను. కూరగాయలలో సగం మాత్రమే వేసి, ఒక నిమిషం కదపకుండా వదిలి, మరొక నిమిషం ఎగరవేసి, పళ్ళెంలోకి తీస్తాను. రెండవ సగం కూడా అంతే. బాండలిని మళ్ళీ కాచి, ఇంకొక చెంచా నూనె వేసి, ఓడ్చిన నూడుల్స్‌ను పరచి, అడుగు అక్కడక్కడా గోధుమరంగు తేలేవరకు కదపకుండా ఉంచి తిరగవేస్తాను. చివరిలో కూరగాయలు చేర్చి, సాస్‌ను మధ్యలో కాకుండా బాండలి అంచుల వెంట పోస్తాను. వేడి ఇనుముకు తగిలి అది అక్కడికక్కడే చిక్కబడుతుంది. గరిటెతో నొక్కి కలపకుండా, రెండు అట్లకాడలతో కిందినుంచి పైకి ఎత్తి కలపాలి. మొత్తం పన్నెండు నిమిషాలు పడుతుంది. కవరు చెప్పిన ఐదు నిమిషాలు నాకు ఏనాడూ సరిపోలేదు.

నాన్‌స్టిక్ పెనంలో చేయవచ్చా?

చేయవచ్చు గాని, దాన్ని ఖాళీగా పెద్ద మంట మీద కాచకూడదు. ఆ పూత సుమారు 260 డిగ్రీలు దాటితే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. మధ్యస్థమైన మంట మీద, మూడు విడతలుగా చేసుకోవాలి. రుచి బాండలిలో చేసినంత రాదు.

సాస్ పొట్లం మొత్తం పోయాలా? ఉప్పు ఎక్కువ అనిపిస్తోంది.

ఎక్కువే. నేను మూడింట రెండు వంతులు పోసి, రుచి చూసి ఆగుతాను. పెద్దవారు రోజుకు తినే ఉప్పు మొత్తం 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది; సోడియం లెక్కలో అది 2000 మిల్లీగ్రాముల లోపు. ప్యాకెట్ వెనుక పోషక విలువల పట్టికలో సోడియం 100 గ్రాములకు ఎంత అని రాసి ఉంటుంది. ఉదాహరణకు అక్కడ 600 మిల్లీగ్రాములని ఉండి, మీరు తినే భాగం 200 గ్రాములైతే, ఒక్క పూటలో 1200 మిల్లీగ్రాముల సోడియం, అంటే సుమారు 3 గ్రాముల ఉప్పు లోనికి పోయినట్లు. ‘ఒక భాగం’ అని వారు దేనిని అంటున్నారో కూడా చూడాలి. ప్యాకెట్ మొత్తాన్ని మూడు భాగాలుగా చూపించి, అంకెలను చిన్నవి చేయడం కద్దు. ఆ మూడు భాగాలను మా ఇంట్లో ఇద్దరమే తింటాము. మిగిలిన సాస్‌ను చిన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజులలో కోడిగుడ్ల పొరటుకు వాడేస్తాను.

అజినమోటో ఉంటుందా?

కొన్నింటిలో ఉంటుంది, జాబితాలో మోనోసోడియం గ్లుటమేట్ అనో, 621 సంఖ్యతోనో కనబడుతుంది. ఈ రుచి గుణాన్ని 1908లో జపాను శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు రసం నుంచి వేరుచేశారు. పండిన టమాటాలో కూడా గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది. నా దృష్టిలో ఈ కిట్లలో జాగ్రత్త పడవలసింది దీని కంటే ఉప్పు విషయంలోనే.

మన కారానికి ఇది సరిపోతుందా?

సరిపోదు. ‘స్పైసీ’ అని రాసి ఉన్న కిట్ కూడా కర్నూలు నోటికి తియ్యగానే తగులుతుంది, ఎందుకంటే సాస్‌లలో చక్కెర బాగానే వేస్తారు. పైన కారంపొడి చల్లితే పచ్చికారం వాసన వస్తుంది. అందుకు బదులు నాలుగు ఎండుమిరపకాయలను గింజలతో సహా వేడినీళ్ళలో నానబెట్టి, ఆరు తెల్లగడ్డ పాయలతో నూరి, ఆ ముద్దను నూనెలో ముందుగా వేయించి, ఆపైన నూడుల్స్ వేయాలి. దించిన తరువాత వేయించిన వేరుశనగ గింజలను, మా వైపు బుడ్డలంటారు, కచ్చాపచ్చాగా దంచి చల్లి, సగం నిమ్మచెక్క పిండితే తీపి వెనక్కి తగ్గుతుంది. నూడుల్స్ మీద వేరుశనగలు చల్లడం థాయిలాండ్‌లో కూడా ఉన్న అలవాటే కనుక ఎవరూ ఆక్షేపించనక్కరలేదు. పసుపు, ధనియాల పొడి వేసి చూశాను, మళ్ళీ వేయను.

మేము శాకాహారులము. ఏమి గమనించాలి?

ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉండాలి. కూరగాయల బొమ్మ ఉన్నంత మాత్రాన శాకాహారమని అనుకోకూడదు. నూడుల్స్ పిండిలో గుడ్డు, సాస్‌లో చేపల లేదా ఆల్చిప్పల సారం కలిసే అవకాశం ఉంది. గుడ్డు కలిసిన పదార్థానికి మన చట్టం ప్రకారం మాంసాహార గుర్తే వేయాలి.

గర్భిణులు, బీపీ ఉన్నవారు, గోధుమ పడనివారు తినవచ్చా?

లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, గర్భిణులకు అది ప్రమాదకరం. కాబట్టి వారికి పెట్టేటప్పుడు మొలకలతో సహా అన్నిటినీ పొగలు వచ్చేవరకు వేడి చేయాలి. పైన పచ్చి ఉల్లికాడలు చల్లకూడదు. బీపీ, మూత్రపిండాల సమస్య ఉన్నవారు సాస్‌ను సగానికి తగ్గించి, వైద్యుడు చెప్పిన ఉప్పు పరిమితిలో ఇది ఇముడుతుందో లేదో చూసుకోవాలి. గోధుమ పడనివారికి బియ్యపు నూడుల్స్ ఒక్కటే చాలవు, ఎందుకంటే సాధారణ సోయా సాస్‌ను గోధుమ కలిపే తయారుచేస్తారు.

వండినది మిగిలితే?

గంటలోపు వెడల్పాటి గిన్నెలో పరచి ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు ఒకేసారి బాగా వేడి చేసి తినాలి. రాత్రంతా వంటింటి గట్టు మీద ఉండిపోయినదాన్ని వేడి చేసినా తినకూడదు. ఉడికిన పిండిపదార్థాలలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విడిచే ఒక విషం, మళ్ళీ కాచినంత మాత్రాన పోదు.

చెడిపోయిన ప్యాకెట్ అంటగడితే ఎవరికి చెప్పాలి?

ప్యాకెట్, బిల్లు రెండింటికీ ఫోటోలు తీసి ముందు దుకాణంలో చూపించాలి. నేను చూపించినప్పుడు, కాసేపు వాదించి, డబ్బు వాపసు ఇచ్చారు. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. బిల్లు పారవేసినవారి మాట ఎక్కడా చెల్లదు.

పెట్టిన డబ్బుకు తగినదేనా? మళ్ళీ కొంటారా?

బండి దగ్గర రెండు ప్లేట్లకు అయ్యే ఖర్చుకు దాదాపు రెండింతలు అవుతుంది. అవే కూరగాయలు, ఎండు నూడుల్స్, సాస్ సీసా విడిగా కొంటే సగానికి తక్కువలో పోతుంది. ఇందులో మనం డబ్బు పెట్టేది కూరగాయలు తరిగే శ్రమ తప్పడానికి. పనినుంచి ఏడు గంటలకు ఇంటికి చేరే రోజున నాకు అది తక్కువ సంగతి కాదు. అందువల్ల నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఎవరైనా హైదరాబాదు నుంచి పెట్టెతో వస్తున్నారంటే రెండు తెమ్మంటాను. మార్చి దాటిన తరువాత తెప్పించను. ఆ నెలలలో తరిగే ఓపిక లేని సాయంత్రాలకు బొరుగుల డబ్బా ఉంది.